అలసిపోయినంత మాత్రాన కృతజ్ఞత లేనట్టా?

ఈసారి ఉత్తరం ఒడిశాలోని రాయగడ జిల్లా నుంచి వచ్చింది. రాసిన సోదరి తన పేరు, ఊరు, సంఘం పేరు బయటికి రాకూడదని కోరారు. ఉత్తరం బాగా పెద్దది, అందుకని ముఖ్యమైన విషయాలు నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 51 ఏళ్ళు. పెళ్ళయ్యాక విజయనగరం వైపు నుంచి అక్కడికి వెళ్ళారు. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో ఇరవై ఏళ్ళకు పైగా పని చేస్తున్నారు. జీతం లేదు, పేరుకు ఒక పదవి కూడా లేదు. సండే స్కూల్ ఆమెదే, స్త్రీల సమాజం లెక్కలు ఆమెవే. బుధవారం గృహ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు ఏర్పాట్లు, కోత పండుగకు వచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, చోళ్ళు వేలం వేశాక ఆ డబ్బు లెక్క చూడటం, అన్నీ ఆమె మీదే. బయటి నుంచి ప్రసంగీకులు వస్తే భోజనం వాళ్ళింట్లోనే. కొండ పల్లెల నుంచి జబ్బుతో వచ్చిన విశ్వాసులను రైలెక్కించి బిస్సంకటక్ ఆసుపత్రికి తీసుకెళ్ళి, వాళ్ళ బాధ డాక్టర్లకు ఒడియాలో చెప్పేది కూడా ఈమే.

ఇంట్లో అత్తగారు మంచం మీద ఉన్నారు. భర్త వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. ఒక్కడే కొడుకు, హైదరాబాద్‌లో ఉద్యోగం. కోడలికి జనవరిలో కాన్పు, పుట్టింట్లో చూసేవాళ్ళు లేరు.

మొన్న సంఘ వార్షికోత్సవం జరిగింది. కొత్తగా వచ్చిన పాస్టరు గారు, వయసులో చిన్నవారు, మందిరం మరమ్మతులకు డబ్బిచ్చిన వాళ్ళను పేరుపేరునా వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పించారు. విశాఖపట్నంలో స్థిరపడి, పండక్కి మాత్రమే వచ్చే ఒకాయనకు కూడా కప్పారు. ఈమె ఆ సమయంలో వంటల దగ్గర ఉన్నారు. చివర్లో "వెనక కష్టపడిన అందరికీ వందనాలు" అన్న మాట మైకులో వినిపించింది. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఏడ్చానని రాశారు. భర్త కోపంతో "నువ్వు వాళ్ళకు జీతం లేని ప్యూన్‌వి, ఇంక చాలు" అన్నారట. తర్వాతి వారం ఒక సంఘపెద్దతో "అలసిపోయానండీ" అంటే, ఆయన బైబిల్లోని గలతీ పత్రిక 6వ అధ్యాయంలోని వచనం చెప్పారట, మేలు చేయుటయందు విసుకక యుందము అని.

"అప్పటి నుంచి సాక్ష్యాల సమయంలో లేచి స్తోత్రం అంటుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపిస్తోంది. ప్రార్థనలో ఏమీ రావడం లేదు. పిల్లల మీద విసుక్కుంటున్నాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. దేవుడు నాకు ఏం తక్కువ చేశాడు? మరి నాకీ కృతజ్ఞత లేనితనం ఎందుకు వచ్చింది? పని మానేస్తే ఆయన నా ఇంటి మీద చెయ్యి తీసేస్తాడేమో అని భయం. మానకపోతే నేను ఎవరినైనా ఏదో ఒకటి అనేస్తానేమో అని భయం. ఇంకొకళ్ళకు అప్పగించాలన్నా సరిగ్గా చెయ్యరు, చివరికి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. నాకు మునుపటి సంతోషం తిరిగి వస్తుందా?" అని అడిగారు.

చెల్లెమ్మా, వందనాలు. నాకంటే చిన్నవారు కాబట్టి అలా పిలుస్తున్నాను.

మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మీరు కృతజ్ఞత లేనితనం అని పేరు పెట్టిన దానిలో నాకు మూడు వేరు వేరు సంగతులు కనబడుతున్నాయి. మీ శరీరం అలిసిపోయింది. మీ మనసుకు దెబ్బ తగిలింది. ఈ రెండింటి కింద పడి దేవునితో మీరు మాట్లాడే మాట నలిగిపోయింది. మూడూ కలిపి ఒకే పాపంగా మీ తల మీద వేసుకున్నారు. మొదటి రెండూ పాపాలు కావు. మూడోది ఆ రెండూ తేలితే తేలుతుందని నా నమ్మకం.

ముందు శరీరం సంగతి. ఏలీయా కథ మీరు సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన తర్వాతి అధ్యాయంలోనే ఆయన బదరీవృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసెయ్యి ప్రభువా అన్నాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు, వచనం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించినది అని దూతే అన్నాడు. ఏం చేస్తున్నావిక్కడ అన్న ప్రశ్న ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర గానీ రాలేదు. అంత ప్రవక్తకే ముందు తిండి, నిద్ర కావలసి వస్తే, 51 ఏళ్ళ ఆడమనిషికి అక్కర్లేదా?

కాబట్టి ఈ వారమే ఒక డాక్టరుకు చూపించుకోండి. ఈ వయసులో నెలసరి ఆగే రోజుల్లో నిద్ర చెడటం, ఉన్నట్టుండి చిరాకు రావడం చాలామందికి ఉంటుంది. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. ఎంతమందినో బిస్సంకటక్ తీసుకెళ్ళారు కదా, ఈసారి ఒక్కసారి మీకోసం వెళ్ళండి. ఏ పని మీదా మనసు లేకపోవడం, తెల్లవారుజామున మెలకువ, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటి ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎదురుగా చెప్పలేకపోతే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోను చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. మందు వేసుకోవడం విశ్వాసం లేకపోవడం అని మన సంఘాల్లో కొందరు అంటారు. వినకండి. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా.

ఇక శాలువా సంగతి. మీరు ఉత్తరంలో మూడు చోట్ల "శాలువా కోసం కాదు" అని రాశారు. శాలువా కోసమే అయినా నేను మిమ్మల్ని తప్పు పట్టను. మనిషి చేసిన పని తోటి మనిషి కంటికి ఆనాలని కోరుకోవడం గర్వం కాదు. రోమా పత్రిక 16వ అధ్యాయం ఒకసారి తీరిగ్గా చదవండి, మనం సాధారణంగా దాటేసే అధ్యాయం. పౌలు అక్కడ కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పరిచయం చేస్తాడు. ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారని రాస్తాడు. మరియ మీ కోసం చాలా ప్రయాసపడింది అంటాడు. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, ఈ ఆడవాళ్ళ పేర్లు వాళ్ళు ప్రభువులో ప్రయాసపడ్డారని చెప్పడానికే అక్కడ ఉన్నాయి. వెనక కష్టపడిన అందరికీ వందనాలు అని ఒక్క ముక్కతో ఆయన ముగించి ఉండొచ్చు. ముగించలేదు. సంఘంలో పేరు పెట్టి కృతజ్ఞత చెప్పడం అపొస్తలుడు పాటించిన పద్ధతి. అది మీ సంఘం మీకు చెయ్యలేదు. ఆ లోటు మీది కాదు, వాళ్ళది.

అయితే ఒక మాట. ఆ పాస్టరు గారు కావాలని చేశారా? ఉత్తరం చదివితే నాకలా అనిపించలేదు. ఆయన వచ్చి ఏడాది కాలేదన్నారు. డబ్బిచ్చిన వాళ్ళ పేర్లు రసీదు పుస్తకంలో ఉంటాయి, ఎవరో ఒకరు జాబితా రాసి చేతిలో పెట్టి ఉంటారు. మీ పని ఏ పుస్తకంలోనూ లేదు. ఇరవై ఏళ్ళుగా రోజూ జరిగిపోయే పని కొత్తగా వచ్చినవాళ్ళకు కనబడదు. అందుకే ఆయనతో మాట్లాడమంటాను. మాట్లాడితే ఏమవుతుంది, మాట్లాడకపోతే ఏమవుతుంది అన్నది మీరే తూచుకోండి.

మాట్లాడకపోతే అప్పటికి గొడవ ఉండదు. కానీ మీరే రాశారు, ఏదో ఒక రోజు అనేస్తానేమో అని. లోపల పెట్టుకున్న మాట స్త్రీల కూడికలో మరెవరి మీదో పడుతుంది, లేదా ఒక చిన్నపిల్ల మీద పడుతుంది. మాట్లాడితే ఆయన నొచ్చుకోవచ్చు, "అమ్మగారు శాలువా కోసం అలిగారు" అని ఎవరో ఒకరు అనొచ్చు. ఆ మాట కొన్నాళ్ళు తిరుగుతుంది, పోతుంది. వెళ్ళేటప్పుడు మీ వారిని వెంటబెట్టుకుని వెళ్ళండి, కానీ మాట మీరే చెప్పండి. ఆయన చెబితే కోపంగా వినిపిస్తుంది. "అయ్యగారూ, ఆ రోజు నాకు బాధ కలిగింది. మీరు కావాలని చేయలేదని తెలుసు. కానీ నేను చాలా అలసిపోయి ఉన్నాను, ఈ పనుల గురించి కూర్చుని మాట్లాడుకోవాలి" అంటే చాలు. అక్కడ ఆగి ఆయన చెప్పేది వినండి. మీ ఇరవై ఏళ్ళ చరిత్ర మొత్తం ఆ రోజే చెప్పొద్దు.

ఆ సంఘపెద్ద గారు చెప్పిన వచనం గురించి. ఆయన మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. కానీ నాకు ఆ సమాధానం నచ్చలేదు. ఆ పత్రిక గలతీయలోని సంఘాలకు రాసింది, ఒక్క మనిషికి కాదు. అదే అధ్యాయంలో కొంచెం పైన ఒకని భారాలు ఒకడు మోయాలని ఉంది. పై మాట వదిలేసి కింది మాట ఒక్కటే, అందరి భారం మోస్తున్న మనిషి చేతిలో పెట్టడం న్యాయం కాదు. అలసిపోయానని చెప్పిన మనిషికి చెప్పాల్సిన మొదటి మాట "ఏ పని నేను తీసుకోను అమ్మా?" అన్నది. ఆయన అడగలేదు కాబట్టి, మీరే ఆయన్ని అడగండి. ఉపవాస ప్రార్థన ఏర్పాట్లు చూసుకోగలరా అని మర్యాదగా, నేరుగా.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా ఉండే మాట చెప్పాలి. "అప్పగిస్తే సరిగ్గా చెయ్యరు, మళ్ళీ నా దగ్గరికే వస్తుంది" అని రాశారు. ఇంకో చోట, డిగ్రీ చదివే ఒకమ్మాయికి రెండు నెలలు సండే స్కూల్ అప్పగించాననీ, పిల్లలకు తెలుగు వాక్యాలు ఒడియా అక్షరాల్లో రాసి నేర్పిస్తోందని తెలిసి మళ్ళీ తీసేసుకున్నాననీ రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

మీ బాధ నాకు తెలుసు. మా అమ్మగారి వైపు వాళ్ళది పర్లాకిమిడి, ఈ తెలుగు బెంగ మా ఇళ్ళల్లోనూ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడే వరకు రాయగడ, గుణుపురం, కోరాపుట్, పర్లాకిమిడి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు తెలుగులో పని చేశారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు సాలూరు, కోరాపుట్ వైపు ఇటు తెలుగు, అటు ఒడియా రెండూ నేర్చుకోవలసి వచ్చింది. తాతల నాటి పాటల పుస్తకం తెలుగులో ఉంటుంది, మనవలు చదివేది ఒడియా బడిలో లేదా ఇంగ్లీష్ మీడియంలో. చదువుకున్న కుర్రకారు విశాఖపట్నం, భువనేశ్వర్, హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. మిగిలిన వాళ్ళకు తెలుగు మాట వచ్చు, రాత రాదు. కాబట్టి మీ తర్వాత ఎవరూ లేకపోవడం మీ సంఘం సోమరితనం ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. ఆ ప్రాంతం చరిత్ర వల్ల కూడా వచ్చింది.

కానీ ఆ అమ్మాయి చేసిన పని తప్పు అని నేను అనలేను. పిల్లల నోటికి తెలుగు వాక్యం వచ్చింది కదా? వాళ్ళకు తెలిసిన అక్షరాల మీదుగా వచ్చింది, అంతే. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో యెరూషలేము సంఘంలోనూ భాష దగ్గరే చిక్కు వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. పన్నెండుగురు అపొస్తలులూ అన్నీ మేమే చూసుకుంటాం అనలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి భాష వాళ్ళకు ఎక్కువ తెలుసో, ఎవరి ముసలమ్మలు ఆకలితో ఉన్నారో, వాళ్ళ చేతికే పని ఇచ్చారు. మీ సండే స్కూల్ ఆ అమ్మాయి చేతిలో మీరు నడిపినట్టు నడవదు. కొన్ని పాత పాటలు పోవచ్చు. ఆ నష్టం నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ మీ చేతిలోనే ఉంటే మీతో పాటే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మీరు రోగుల్ని తీసుకెళ్ళే ఆ బిస్సంకటక్ ఆసుపత్రినే చూడండి. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన లిస్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ దాన్ని మొదలుపెట్టారు. అంతా తన చేతి మీదుగానే జరగాలని ఆవిడ పట్టుబట్టి ఉంటే ఆవిడతోనే అది మూతపడేది. ఈ రోజు అక్కడ ఎంతమంది చేతులు పని చేస్తున్నాయో, నర్సింగ్ చదువు ఎంతమందికి చెబుతున్నారో మీకు నాకంటే బాగా తెలుసు.

మోషేకు యిత్రో చెప్పిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, నిర్గమకాండం 18. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు తీరుస్తుంటే, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న ఈ జనం కూడా నలిగిపోతారు అన్నాడు మామగారు. మనం మొదటి సగమే గుర్తుపెట్టుకుంటాం. ఒక్క మనిషి మీద అంతా ఆధారపడినప్పుడు జనం కూడా నలుగుతారు, వరసలో నిలబడి, పని చేతగాని వాళ్ళమని తమ మీద తామే నమ్మకం పోగొట్టుకుని. మీ సంఘంలో ఆడవాళ్ళు ముందుకు రావడం లేదన్నారు. కొంతమంది సోమరులే కావచ్చు. కొంతమంది మాత్రం "అక్క ఉంది కదా, మనం చేస్తే నచ్చదు" అని వెనక్కి తగ్గినవాళ్ళు అయి ఉంటారు.

మరి ఏం చేయాలి? మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. ఏది ఎంచుకున్నా కొంత పోతుంది, కొంత వస్తుంది.

మీ వారు చెప్పినట్టు ఒకేసారి అన్నీ వదిలేయొచ్చు. దానివల్ల మీకు విశ్రాంతి వెంటనే దొరుకుతుంది. కానీ కోపంలో వదిలిన పని మనసును వదలదు. ఆదివారం ఇంట్లో కూర్చుని, అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో అని ఆలోచిస్తూనే ఉంటారు. కొండ పల్లెల వాళ్ళు నిజంగా ఇబ్బంది పడతారు, వాళ్ళ తప్పు ఏమీ లేదు. నేను దీన్ని ఆఖరి దారిగానే చూస్తాను. డాక్టరు పూర్తిగా విశ్రాంతి కావాలంటే మాత్రం మారు మాట్లాడకుండా ఇదే చేయండి.

ఇంకొకటి, ఇప్పటిలాగే కొనసాగడం. పైకి సులువు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కానీ ఇది ఎక్కడికి పోతుందో మీ ఉత్తరమే చెబుతోంది. పిల్లల మీద విసుక్కుంటున్నానన్నారు. ఇరవై ఏళ్ళు ప్రేమతో చెప్పిన పాఠాలు, రెండేళ్ళు విసుగుతో చెబితే పిల్లలకు ఆ రెండేళ్ళే గుర్తుండిపోతాయి.

నా మనసు మొగ్గేది మధ్య దారికి. సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివర్లో, దేవుని గుడారంలో సేవ చేసే లేవీయుల గురించి ఒక నియమం ఉంది. ఇరవై అయిదేళ్ళ వయసు నుంచి ప్రత్యక్షపు గుడారంలో సేవ చేయాలి. యాభై ఏళ్ళు నిండాక ఆ పని మానుకోవాలి. కానీ ఇంటికి పంపేయలేదు, తమ సహోదరులకు తోడుగా ఉండాలన్నాడు దేవుడు. బరువులు మోసే పని మాత్రం ఇక ఉండదు. ఈ నియమం సంఘానికి అలాగే వర్తిస్తుందని నేను అనడం లేదు. కానీ పనిని, వయసును ఆయన ఎలా చూస్తాడో ఇందులో కనిపిస్తుంది. పని మానితే ఇంటి మీద చెయ్యి తీసేస్తాడేమో అన్న మీ భయానికి కూడా ఇదే జవాబు. మానమని చెప్పింది ఆయనే.

ఆ వెలుగులో చూసుకుంటే, మీరు ఒక్క పని మీ దగ్గర ఉంచుకోండి. ఏది అన్నది మీ ఇష్టం. ఉత్తరంలో దేని గురించి రాసినప్పుడు మీ మాటల్లో కళ వచ్చిందో నేను చూశాను, అది రోగులతో వెళ్ళడం. రైల్లో వాళ్ళు చెప్పుకునే కబుర్లు, వాళ్ళ భాషలో మీకు వచ్చిన నాలుగు ముక్కలు, ఒక తాత మీ కోసం పనసకాయ మోసుకొచ్చిన సంగతి పేజీ నిండా రాశారు. అదే మీ పని కావచ్చు, అది కూడా నెలకు ఒకటి రెండు సార్లు. వెంట ఒక కుర్రాణ్ణో అమ్మాయినో తీసుకెళ్ళి దారి చూపించండి. మిగతావి ఒకదాని తర్వాత ఒకటి అప్పగించండి. మన్యంలో కావడి మోసేవాళ్ళు దూరం నడిచేటప్పుడు దారిలో భుజం మార్చుకుంటారు, దానికి ఎవరూ వాళ్ళను తప్పు పట్టరు. అప్పగించేటప్పుడు తేదీ చెప్పి, పుస్తకాలు, తాళాలు, డబ్బు అన్నీ ఇచ్చేయండి. తాళం మీ సంచిలో ఉంచుకుని పని మాత్రం ఇస్తే అది అప్పగించడం కాదు. వాళ్ళు తడబడితే అడిగినప్పుడు చెప్పండి, అడగకపోతే చూస్తూ ఊరుకోండి. ఇది మీకు చాలా కష్టమని నాకు తెలుసు.

కొన్ని పనులు ఎవరూ తీసుకోకపోవచ్చు. బుధవారం కూడిక కొన్నాళ్ళు ఆగిపోవచ్చు. ఆగనివ్వండి. అది లేని లోటు తెలిసినవాళ్ళే మళ్ళీ మొదలుపెడతారు. ప్రసంగీకుల భోజనం మాత్రం వెంటనే మానేయండి, దాని గురించి ఆలోచించాల్సింది కూడా లేదు. నలుగురు ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకోవచ్చు, లేదంటే సంఘం డబ్బుతో హోటల్ నుంచి తెప్పించొచ్చు. మంచంలో ఉన్న అత్తగారికి అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి వచ్చిన మనిషి మళ్ళీ పదిమందికి చేపల పులుసు వండక్కర్లేదు. అత్తగారిని చూసుకోవడం కూడా సేవే. ఉత్తరంలో దాన్ని మీరు సేవల లెక్కలో వేయనే లేదు.

ఇక మునుపటి సంతోషం, కృతజ్ఞత. ఇది అసలు ప్రశ్న అని తెలుసు, అందుకే చివరికి ఉంచాను.

సాక్ష్యాల సమయంలో అబద్ధంలా వినిపిస్తోందంటే, కొన్నాళ్ళు లేవకండి. ఎవరైనా అడిగితే "ఈ వారం వినాలని ఉంది" అనండి. ప్రతి ఆదివారం నోటితో స్తోత్రం చెప్పకపోతే దేవుడు లెక్క రాసుకోడు. ఇంట్లో ప్రార్థనలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంతకాలం నన్ను మరచిపోతావు ప్రభువా అని 13వ కీర్తన మొదలవుతుంది. దావీదు ఆ మాట అన్న తర్వాతే అదే కీర్తన చివర్లో పాడగలిగాడు. కోపం, బాధ ఆయన ముందు చెప్పకుండా దాటేసి నేరుగా స్తోత్రానికి వెళ్ళాలనుకుంటే గొంతు పట్టేస్తుంది. మీకు జరుగుతున్నది అదే అని నాకనిపిస్తోంది.

మరో సంగతి. కష్టం లేనట్టు నటించడం కృతజ్ఞత అని మనకు ఎవరో నేర్పారు. పౌలు చెరసాలలో ఉండి ఫిలిప్పీ వాళ్ళకు కృతజ్ఞత రాశాడు. ఎపఫ్రొదితు తెచ్చిన కానుక అందింది, నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అన్నాడు. మొదట్లో మీరు తప్ప ఇంకే సంఘమూ నాకు సాయం చేయలేదు అని కూడా రాసేశాడు. అందిన సాయం, అందని సాయం రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. మీరూ అలా చెప్పొచ్చు.

మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో ఇలా ఉంది: మీ సండే స్కూల్లో చదివిన ఒక కొండ పల్లె అమ్మాయి ఇప్పుడు నర్సు, ప్రతి క్రిస్మస్‌కు ఫోన్ చేస్తుంది. ఆ వాక్యం రాసి వెంటనే లెక్కల గొడవలోకి వెళ్ళిపోయారు. ఇంకో చోట, కూడిక నుంచి రాత్రి పదింటికి వస్తే మీ వారు టీ పెట్టి ఉంచుతారని బ్రాకెట్లో రాశారు. ప్యూన్‌వి అన్నది ఆయనే, టీ పెట్టేదీ ఆయనే. ఆయన కోపం మీ మీద కాదు చెల్లెమ్మా, మీకు జరుగుతున్న దాని మీద. మంచివన్నీ ఒక్కో వాక్యంలో ఇరుక్కుపోయాయి, ఎందుకంటే వాటి దగ్గర ఆగే తీరిక మీకు లేదు. ఇంత పనిలో ఎవరికైనా ఉండదు. అందుకే పని తగ్గించుకోమని ఇంతగా చెబుతున్నాను. ఆ అమ్మాయికి క్రిస్మస్ దాకా ఆగకుండా ఈ వారమే మీరే ఫోన్ చేయండి. దేవునికి చెప్పాల్సిన కృతజ్ఞత ఏదో పెద్దగా ఉండాలని అనుకోకండి. ఆమె మాట్లాడిన మాటల్లో ఒక్కటి ఆయనతో చెప్పినా చాలు.

మునుపటి సంతోషమే తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. ముప్పై ఏళ్ళప్పుడు ఉన్న ఉత్సాహం వేరు. శిష్యులు తినడానికి కూడా తీరిక లేక ఉన్నప్పుడు, ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోండి అన్నాడు యేసు. పడవెక్కి వెళ్ళేసరికి జనం వాళ్ళకంటే ముందే అక్కడికి చేరారు. మార్కు 6లో ఉంది. మీకూ అలాగే జరగొచ్చు, విశ్రాంతి తీసుకుందామనుకున్న రోజే ఎవరో తలుపు కొట్టొచ్చు. అయినా వాళ్ళను పడవెక్కించింది ఆయనే.

జనవరి గురించి కూడా రాశారు. కోడలి దగ్గరికి వెళ్ళాలా, సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనలు చూసుకోవాలా అని. వెళ్ళండి. కనీసం రెండు నెలలు ఉండేలా వెళ్ళండి. అత్తగారి దగ్గర ఆ రోజుల్లో ఎవరుండాలో మీ వారు, ఆడపడుచులు కలిసి ఇప్పుడే మాట్లాడుకోవాలి, పగలు మనిషిని పెట్టుకోవాల్సి వస్తే ఆ ఖర్చుకు కొడుకును అడగడానికి మొహమాటపడకండి. సంఘానికి అది పనులు చేతులు మారడానికి దొరికిన మంచి సమయం కూడా. డిసెంబరు కార్యక్రమాలకు కమిటీ కూర్చునే లోపే పాస్టరు గారితో మాట్లాడండి, కూర్చున్నాక పేర్లు రాసేస్తారు, అప్పుడు కాదనడం కష్టం. స్త్రీల సమాజం లెక్కల పుస్తకం అన్నిటికంటే ముందు అప్పగించండి. డబ్బు ఉన్న చోట ఆలస్యమైతే మాటలు వస్తాయి. ఇద్దరు పెద్దల ముందు బ్యాలెన్స్ చూపించి, సంతకాలు తీసుకుని, ఒక జిరాక్స్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.